కదులుతున్న లారీని తూచే కాటా: కొన్నేళ్ల వాడకం తర్వాత

విజయవాడ రహదారి మీదుగా హైదరాబాద్‌కు సిమెంటు తెచ్చే లారీలు మావి. టోల్‌గేటు వరుసలో, రోడ్డులోనే పాతిపెట్టిన కాటా మీదుగా అవి ఏళ్లుగా నడుస్తున్నాయి. అది చూపే తూకాన్ని, లారీని నిలబెట్టి తూచే మామూలు వేబ్రిడ్జి చీటీ పక్కన పెట్టి చూడటం నాకు అలవాటు. మొత్తం బరువుకు నేను ఇప్పటికీ వేబ్రిడ్జినే నమ్ముతాను. ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో తెలుసుకోవడానికి మాత్రం దీన్ని మించినది నాకు కనబడలేదు.

వేబ్రిడ్జి సాధారణంగా ఒక్క అంకె ఇస్తుంది. ఆరు చక్రాల లారీకి 2018 సవరణ తర్వాత పరిమితి 18.5 టన్నులు: ముందు ఇరుసుకు 7, నాలుగు టైర్లున్న వెనుక ఇరుసుకు 11.5. మొత్తం 18.5 లోపే ఉన్నా, బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే వెనుక ఇరుసు పరిమితి దాటిపోతుంది. ఆ సంగతి వేబ్రిడ్జి చీటీలో కనబడదు, ఇక్కడ కనబడుతుంది. అది చూశాకే మా హమాలీలతో వెనుక తలుపు దగ్గరి వరుసలు తగ్గించి క్యాబిన్ వైపు పేర్పిస్తున్నాను. ఇరవై బస్తాలు ముందుకు జరిగితే టన్ను బరువు చోటు మారినట్టే. వెనుక టైర్ల అరుగుదల తగ్గింది, స్ప్రింగు పట్టీలు విరగడమూ తగ్గింది.

రోడ్డుకు జరిగే మేలు ఇంకా పెద్దది. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో చేసిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజనీర్లు వాడుతున్న లెక్క ప్రకారం, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఇరుసు మీద 20 శాతం అదనపు బరువుంటే నష్టం రెట్టింపు. గుంతలు పడ్డాక తిట్టుకునేది మళ్లీ మనమే.

ఇక లోపాలు. చక్రం రోడ్డులో పాతిన కాటా పట్టీ మీద ఉండేది రెప్పపాటు. లోడు లారీ నడుస్తూ సెకనుకు రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఒక్క ఊపులో ఆరు నుంచి ఎనిమిది మీటర్లు దాటేస్తుంది. దిగే ఊపులో చక్రం పట్టీని తాకితే బరువు ఎక్కువ, లేచే ఊపులో తాకితే తక్కువ. అందుకే పట్టీలు ఒకటికి మించి ఉండాలి, వాటి ముందున్న రోడ్డు నున్నగా ఉండాలి. ఒకచోట కాటాకు కాస్త ముందు తారు అతుకు వేశారు. ఆనాటి నుంచి మా బళ్లన్నిటికీ అక్కడ తూకం ఎక్కువే పడింది. చెప్పి చెప్పి గొంతు పోయింది. ట్యాంకర్ల వాళ్ల బాధ మరీ ఎక్కువ, లోపల ద్రవం కూడా ఊగుతుంది కదా.

డ్రైవర్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: కాటా మీద బ్రేకు తొక్కవద్దు. తొక్కితే బరువు ముందుకు ఒరిగి ముందు ఇరుసు ఎక్కువ చూపుతుంది. వెనుక చక్రాలు వచ్చేలోపు బ్రేకు వదిలితే అవి తమ బరువు తాము చూపుతాయి. రెండూ కలిపితే లారీలో లేని బరువు పుట్టుకొస్తుంది. నిదానంగా, ఒకే వేగంతో దాటితే వేబ్రిడ్జికి దగ్గరగానే వస్తుంది.

ఈ కాటా తూకంలో 5 శాతం తేడా వచ్చినా 18.5 టన్నుల బండికి 900 కిలోలకు పైమాటే. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ 2019 సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా, పైగా అదనపు సరుకు దించాలి. అంత శిక్షకు ఊగుతున్న తూకం ఒక్కటే ఆధారం కాకూడదు. అనుమానమున్న బండిని పక్కకు తీయడానికి ఈ కాటా భేషుగ్గా పనికొస్తుంది. జరిమానా రాసే ముందు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న వేబ్రిడ్జి మీద నిలబెట్టి తూచాలి, ఆ వేబ్రిడ్జి కూడా టోల్‌గేటు ఆవరణలోనే ఉండాలి.