ఒహాకాలో పాత సరాపే అడిగితే ఏం చూపించారంటే

మెక్సికో వెళ్లి పాత చేనేత, ముఖ్యంగా సరాపే (మగవాళ్లు భుజాల మీద కప్పుకునే ఉన్ని దుప్పటి), కొనాలనుకునేవాళ్లు ముందు ఒహాకాలోని టెక్స్‌టైల్ మ్యూజియం చూడండి, ఆ తర్వాతే షాపుల్లో అడుగుపెట్టండి. 2008లో తెరిచారు, టికెట్ లేదు. మేం వెళ్లినప్పుడు రెబోసోలు పెట్టారు, అంటే ఆడవాళ్ల శాలువాలు. దారానికి కట్లు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేసినవి. మా అత్తయ్యది నల్గొండ. "ఇది మన పోచంపల్లి పనే కదమ్మా" అని అక్కణ్ణించి కదల్లేదు.

నా కోపమంతా సాంతో దొమింగో చర్చి దగ్గరి ఒక షాపు మీద. "నూటయాభై ఏళ్లనాటి సాల్తియో సరాపే" అంటూ ఒక ఉన్ని దుప్పటి పరిచి 28,000 పెసోలు చెప్పాడు. మెక్సికో ఉత్తరాన ఉన్న సాల్తియో ఊరి పేరుతో 18వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా వచ్చిన సరాపేలకు వేలంలో వేల డాలర్లు పలుకుతాయి. నడుమ వజ్రం ఆకారం, చాలా సన్నని నేత, కొచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు, నీలిమందు నీలం. రెండు పలకలు విడివిడిగా నేసి మధ్యలో కుట్టేవాళ్లు. ఇతను చూపించింది ఒకటే ముక్క, కుట్టే లేదు. మడత విప్పి చూస్తే లోపల కూడా బయట ఎంత వెలిసిందో అంతే వెలిసింది. వందేళ్లు వాడిన గుడ్డకి మడతల్లోనైనా కాస్త రంగు నిలవాలి కదా! రంగు అంటుతుందేమో తడి రుమాలుతో ఒక మూల రుద్ది చూస్తానంటే గభాల్న లాక్కున్నాడు. గుమ్మం దాటేలోపు ధర 9,000కి దిగింది. మా ఆయన మాత్రం "ఆకలేస్తోంది, పద" అని ఒకటే గొడవ.

మర్నాడు షేర్ టాక్సీలో మనిషికి 30 పెసోలిచ్చి తెయోతిత్లాన్ దెల్ వాయే వెళ్లాం. జపోతెక్ అనే ఆదివాసీ నేతగాళ్ల ఊరు. అక్కడ ఒకావిడ ఎండిన కొచినీల్ పురుగుల్ని అరచేతిలో నలిపింది. నాగజెముడు లాంటి నొపాల్ మొక్క మీద పెరిగే పురుగులివి. చెయ్యంతా ముదురెరుపు. నిమ్మరసం పిండితే నారింజ రంగుకి తిరిగింది, సున్నం తగిలిస్తే ఊదా అయింది. మా ఆయన ఆకలి మర్చిపోయి, మళ్లీ చెయ్యమని అడిగాడు. రెండడుగుల తివాచీ కొచినీల్‌దైతే 2,600, అదే సైజు రసాయన రంగుదైతే 1,100. ఏది ఏదో ఆవిడే విడదీసి చెప్పింది. బేరమాడకుండా 2,600ది తీసుకున్నాను, మీరూ ఆడకండి. పాతదని అబద్ధం చెప్పి అమ్మేవాడు మనతో పాటు ఈవిడ పొట్టా కొడుతున్నాడు.



పాతదే కావాలని పట్టుబట్టేవాళ్లు రసీదు మీద కాలం, దారం, రంగు ఏమిటో రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే ఆ షాపులో ఇంకేదీ కొనకండి.