వేలంలో బండి కొంటున్నారా? ముందు యార్డు సంగతి తెలుసుకుని పాట పాడండి (బెంగళూరు)

బెంగళూరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న వాహనాల వేలానికి వెళ్లాలనుకుంటున్న తెలుగువాళ్లకు ఈ హెచ్చరిక. ధర గురించి ఎంత ఆలోచిస్తారో, ఆ బండి ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉందన్న దాని గురించి అంతకు రెట్టింపు ఆలోచించండి. బండిని పట్టుకున్నది ప్రభుత్వ శాఖ. అమ్మేదీ ప్రభుత్వ శాఖే. కానీ దాన్ని లాక్కెళ్లి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ నిలబెట్టింది టెండరు దక్కించుకున్న ప్రైవేటు కాంట్రాక్టరు. ఆ కాంట్రాక్టరుకూ మీకూ మధ్య కాగితం ముక్క ఉండదు. మేము చిక్కుకున్నది అక్కడే.

మా బావమరిది కుందలహళ్లి వైపు నీళ్ల క్యాన్లు సరఫరా చేస్తాడు. అద్దె బండికి నెలనెలా పోసే డబ్బుతో సొంత బండి వస్తుంది కదా అని వెతుకుతుంటే వేలం నోటీసు కంటబడింది. 2021లో ఏదో కేసులో పట్టుకున్న టాటా ఏస్, సరుకులు మోసే చిన్న బండి. ధరావతు కట్టి పాటలో కూర్చున్నాడు, 62 వేలకు బండి దక్కింది. శాఖ పేరు, యార్డు పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా పేరు చెప్తే ఆ ఒక్క యార్డును తప్పించుకుంటే చాలనుకునే ప్రమాదం ఉంది.

వేలానికి ముందు బండ్లు చూసుకోవడానికి ఒక రోజు ఇస్తారు. చూడటమంటే నిజంగా చూడటమే, ముట్టుకోవడం కాదు. తాడు కట్టిన వరుస పక్కన నడుచుకుంటూ పోవాలి, తలుపు తియ్యకూడదు, ఇంజను తిప్పమని అడగకూడదు. మా బావమరిది మాత్రం ఫోనుతో బండికి నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలే ఇప్పుడు మా ఆస్తి. ఛాసిస్ పక్కన బిగించిన బ్యాటరీ, వెనక కింద వేలాడుతున్న స్టెప్నీ వాటిలో స్పష్టంగా ఉన్నాయి.

డబ్బు కట్టాక డెలివరీ ఉత్తర్వు చేతికి రావడానికి వారాలు పట్టింది. అది పట్టుకుని యార్డుకు వెళ్తే బ్యాటరీ పెట్టె ఖాళీ. పెట్టె చుట్టూ ఏళ్లనాటి దుమ్ము పేరుకుని ఉంది, బోల్టుల తలల మీద మాత్రం స్పానరు తగిలిన గీతలు తళతళ మెరుస్తున్నాయి. స్టెప్నీ గొలుసు వేలాడుతోంది, స్టెప్నీ లేదు. అంతకన్నా విచిత్రం వెనక టైరు. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండూ సంవత్సరం. మా బండి వెనక టైరు మీద 3822 అని ఉంది. అంటే 2022లో 38వ వారంలో తయారైన టైరు. బండి పట్టుబడింది 2021లో! యార్డులో నిలబడి ఉన్న బండికి పుట్టని టైరు ఎలా వచ్చిందో ఆ గేటు దగ్గర చెప్పేవాళ్లు లేరు. అసలు టైరు ఊడదీసి, ఎవరో అరిగిపోయిన టైరు బిగించారని నా అభిప్రాయం. మీరు చూడటానికి వెళ్లినప్పుడు పంచనామా (బండిని పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే కాగితం) తేదీ కనుక్కుని, అన్ని టైర్ల మీద ఆ సంఖ్య చదవండి. బానెట్ తియ్యనివ్వకపోయినా టైరు చదవడాన్ని ఎవరూ ఆపలేరు.

గుమాస్తా మాట ఒక్కటే. “షరతులు చదవలేదా సార్? ఉన్నది ఉన్నట్లుగా, ఉన్నచోటనే.” ప్రతి వేలం నోటీసులోనూ ఉండే మాటే ఇది, చదివే వెళ్లాం. మా ప్రశ్న వేరు. ఏ రోజు ఉన్నది ఉన్నట్లుగా? జనానికి చూపించిన రోజా, పాట ముగిసిన రోజా, బండి గేటు దాటిన రోజా? చూపించిన రోజు ఉన్న బ్యాటరీకి కూడా కలిపే కదా పాట పాడింది. నోటీసులో ఆ తేదీ లేదు. మీరు వెళ్లే వేలంలో కూడా ఉండకపోవచ్చు, కాబట్టి ధరావతు కట్టకముందే ఈ ఒక్క ప్రశ్నను రాతపూర్వకంగా అడగండి.

ఇంకా తవ్వితే అసలు విషయం బయటపడింది. వేలానికీ డెలివరీకీ మధ్య యార్డు కాంట్రాక్టు గడువు ముగిసి, కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. పాతాయన వదిలి వెళ్లిన వందల బండ్లను కొత్తాయన “తీసుకున్నాడు”. ఎలా తీసుకున్నాడు? ఒక్కో బండికి ఏ భాగాలు ఉన్నాయి, ఏవి లేవు అని ముగ్గురూ, అంటే శాఖ అధికారి, పాతాయన, కొత్తాయన కలిసి రాసుకున్న జాబితా ఉండాలి. అలాంటిది ఎవరూ చూపించలేదు. ఒక రిజిస్టరు చూపించారు, అందులో బండి నంబరు, వరుస నంబరు తప్ప మరేమీ లేవు. పాతాయనను అడిగితే బ్యాటరీతోనే అప్పగించానంటాడు, కొత్తాయనను అడిగితే లేకుండానే వచ్చిందంటాడు. శాఖవాళ్లు ఇద్దరినీ అడగమంటారు. బ్యాటరీ పోవడం ఒక దొంగతనం. కానీ జాబితా లేకుండా యార్డు చేతులు మారడం అన్ని దొంగతనాలకూ కలిపి ఒకేసారి ఇచ్చిన రశీదు.

ఈ కాంట్రాక్టుల లెక్క తెలిస్తే ఆశ్చర్యం తగ్గుతుంది. లాక్కెళ్లేవాడికి బండికి ఇంత అని ఇస్తే ఎన్ని లాగితే అంత లాభం. బెంగళూరులో పాతకాపులకు వాహనాలను లాక్కెళ్లే “టైగర్” బండ్లు గుర్తుండే ఉంటాయి. నో పార్కింగులో ఉన్న స్కూటర్లను ట్రక్కులోకి ఎత్తేస్తూ ఆ బండ్ల మీది కుర్రాళ్లు చేసిన హడావిడి మీద జనం మండిపడితే 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాన్ని ఆపేయాల్సి వచ్చింది. నిల్వ చేసేవాడి లెక్క ఇంకో రకం. రోజుకు ఇంత అని ఇస్తే బండి ఎంత ఆలస్యంగా కదిలితే అంత మేలు. మొత్తానికి ఇంత అని ఇస్తే కాపలాకు మనిషిని పెట్టడం కూడా దండగే అనిపిస్తుంది. ఏ పద్ధతిలోనూ చివరికి బండి కొనేవాడు లెక్కలో లేడు. మా దగ్గర అడిగిన “నిల్వ రుసుము” కూడా ఇలాంటిదే. డెలివరీ ఉత్తర్వు ఆలస్యం చేసింది శాఖ, ఆ రోజులకు డబ్బు మేము కట్టాలట, క్రేను ఖర్చు అదనమట. నోటీసులో రెండూ లేవు. ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసి ఇవ్వమంటే నిల్వ రుసుము మాట ఆగిపోయింది, క్రేను ఖర్చు మాత్రం వదల్లేదు.

లాక్కొచ్చిన తీరు వల్ల కలిగే నష్టం ఇంకొకటి. వెనక చక్రాలతో నడిచే బండిని ముందు నుంచి ఎత్తి, గేరు వేసి ఉండగానే వెనక చక్రాల మీద ఈడ్చుకొస్తే గేర్‌బాక్సు దెబ్బతింటుంది. ఇది కంటికి కనపడదు. హ్యాండ్‌బ్రేకు వేసి ఈడ్చిన బండికైతే వెనక టైరు ఒక్కచోట చదునుగా అరిగి ఉంటుంది. అది కనిపిస్తే గేర్‌బాక్సు ఖర్చు కూడా మనసులో కలుపుకుని, ఆ మేరకు తక్కువ దగ్గరే పాట ఆపేయండి. మాది మెకానిక్ ఇంకా విప్పుతూనే ఉన్నాడు.

ఇక కాగితాలు. వేలంలో కొన్న బండిని మీ పేరుకు మార్చుకోవడానికి మామూలు అమ్మకాల ఫారాలు పనికిరావు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 57వ నిబంధన ఉంది, దాని ప్రకారం బండి చేతికి వచ్చిన 30 రోజుల్లోగా ఫారం 32లో దరఖాస్తు చేయాలి. ఆర్‌సీ, బీమా పత్రంతో పాటు వేలం నిర్వహించిన అధికారి సంతకంతో అమ్మకం ఖరారు పత్రం, ఆ వేలానికి అనుమతిస్తూ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ధ్రువీకృత నకలు జతచేయాలి. ఈ చివరిది అడిగితేనే ఇస్తారు. ఆర్‌సీ పాత యజమాని దగ్గరో కోర్టు ఫైల్లోనో ఉండిపోతుంది, దాని గురించి కూడా లేఖ తీసుకోవాలి. నంబరు ప్లేటు దొంగదని తేలినా, అసలు నంబరే లేకపోయినా కొత్త నంబరు కేటాయించే వీలు అదే నిబంధనలో ఉంది, కాబట్టి అందుకు భయపడనక్కర్లేదు. భయపడాల్సింది వాహన్ పోర్టల్లో (బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు) ఉన్న ఎర్రజెండాలకు. కేసు వల్ల పడిన బ్లాక్‌లిస్టు గుర్తు, ఫైనాన్సు కంపెనీ హైపోథికేషన్ (బండి మీద అప్పు ఉందన్న గుర్తు), తెగని చలాన్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆర్‌టీవోలో పని ముందుకు కదలదు. బండి నంబరు నోటీసులో ఉంటుంది, ఇంటి దగ్గర కూర్చునే చూసుకోవచ్చు.

రవాణా బండ్లకు మరో దెబ్బ ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందన్న పత్రం) గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు రుసుము నిబంధనల్లో ఉంది. మూడేళ్లు యార్డులో పడి ఉన్న బండికి అది 54,750 రూపాయలవుతుంది. మా పాట ధరకు దాదాపు సమానం! బండి కేసులో ఉన్న కాలానికి దీన్ని మినహాయించమని అడగవచ్చు, అడగాలంటే ఏ తేదీన పట్టుకున్నారు, ఏ తేదీన వదిలారు అన్నది శాఖ రాసి ఇవ్వాలి. ఆ లేఖ డెలివరీ ఉత్తర్వుతో పాటే తీసుకోండి, తరువాత తిరగడం మీ వల్ల కాదు.

ఇంకో సంగతి. నోటీసులో బండి పక్కన “స్క్రాప్” అని ఉంటే దాన్ని రోడ్డు మీద తిప్పుకోలేరు, ధర ఎంత తక్కువైనా అది ఇనుము కొనడమే. గుజరీ వ్యాపారులు కూడబలుక్కుని పాడే పాటలో వాటిని చూసి “అరే, ఇంత చవకా” అనుకోకండి. వాట్సాప్‌లో “పోలీసు వేలం బుల్లెట్టు, పాతిక వేలు, ముందు ఐదు వేలు పంపండి” అని వచ్చేవి పచ్చి మోసం, వాటి గురించి ఇంతకన్నా రాయడం వృథా.

ఇప్పటికే డబ్బు కట్టి, బండి ఇంకా తెచ్చుకోనివాళ్లు ఉంటే వినండి. గేటు దగ్గర కన్నడలో ఉన్న రశీదు మీద సంతకం పెట్టమంటారు. అందులో “అన్ని భాగాలతో సక్రమంగా అందింది” అన్న వాక్యం ఉంటుంది. చదివించుకుని, దాన్ని కొట్టేసి, ఏవేవి లేవో మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి. మా బావమరిది తెలుగులోనే రాశాడు. గుమాస్తా గొణిగాడు గానీ తీసుకున్నాడు. ఆ రశీదు ఫోటో తీసుకోకుండా గేటు దాటవద్దు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామా అని చాలామంది అడుగుతారు. 2009లో సుప్రీంకోర్టు చండీగఢ్‌లో స్థలాల వేలం మీద వచ్చిన కేసులో, బహిరంగ వేలంలో ఉన్నది ఉన్నట్లుగా కొన్నవాడు వినియోగదారుడి కిందికి రాడని చెప్పింది. అది స్థలాల కేసే అయినా మన మీదకు కూడా దాన్నే తెచ్చి చూపిస్తారు. అందుకే మేము వేరే దారి పట్టాం. యార్డుతో గొడవ పెట్టుకోవడం మానేసి, వేలం వేసిన శాఖకే ఫిర్యాదు చేశాం. కాంట్రాక్టరు దగ్గర శాఖ భద్రతా డిపాజిట్ పెట్టించుకుంటుంది, నష్టాన్ని అందులోంచి రాబట్టమన్నది మా కోరిక. టెండరు షరతులు ప్రభుత్వ టెండర్లు పెట్టే కర్ణాటక పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో దొరికితే నిల్వలో పోయిన భాగాలకు ఎవరు బాధ్యులో అందులోనే చదువుకోవచ్చు.

సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టాం. ఖర్చు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు గడువు. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం అడగాలి, 150 పదాలు దాటకూడదు, కోపం అంతా అందులో కుక్కితే తిప్పి పంపుతారు. పంచనామా నకలు, పట్టుకున్నప్పటి ఫోటోలు, కాంట్రాక్టర్లు మారినప్పటి ఉమ్మడి జాబితా విడివిడిగా అడగండి. స్టేషన్లలో బండ్లు కుళ్లిపోనివ్వకూడదనీ, ఫోటోలు తీసి త్వరగా తేల్చాలనీ సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 497వ సెక్షన్ కూడా అదే చెప్తోంది. బండిని కోర్టు ముందుంచిన 14 రోజుల్లో వివరాల పట్టిక తయారు కావాలి, ఫోటోలు తీయించాలి. కొత్త కేసుల బండ్లకు పాటదారులు ఆ పట్టిక అడగాలి. మా బండి పాత కేసుది.

మాకు పంచనామా నకలు వచ్చింది, అందులో బ్యాటరీ ఉంది, స్టెప్నీ ఉంది. ఉమ్మడి జాబితాకు మాత్రం “ఈ కార్యాలయంలో లభ్యం కాదు” అని జవాబిచ్చారు. ఆ జవాబును ఫిర్యాదుకు జతచేశాం, డిపాజిట్ సంగతి ఇంకా తేల్చలేదు. ఈలోగా అదే యార్డు నుంచి మరో వేలం నోటీసు వచ్చింది. బండ్ల నంబర్లున్నాయి, కనీస ధరలున్నాయి, ఏ బండికి ఏ భాగాలున్నాయో ఏ తేదీన చూసి రాశారన్నది మాత్రం ఈసారీ లేదు. దానికి ధరావతు కట్టబోతున్నవాళ్లు ముందు ఆ తేదీ అడగండి, జవాబు రాతలో రాకపోతే డబ్బు కట్టకండి.