వృషణ క్యాన్సర్ దశ నిర్ధారణ: సీటీనా, ఎమ్మారైనా?

వృషణ క్యాన్సర్ సాధారణంగా ముందు పాకేది పొట్ట వెనుక, పెద్ద రక్తనాళాల వెంట ఉండే లింఫు గ్రంథులకే కనుక, నెల్లూరు నుంచి చెన్నైకి చికిత్సకు వచ్చే యువకుడికి మొదట రాసేది సీటీ స్కానే. గ్రంథి 2 సెంటీమీటర్లలోపు ఉందా, 5 దాటిందా అన్న, దశను తేల్చే కొలతను ఎమ్మారై కూడా ఇవ్వగలదు గానీ, ఊపిరితిత్తుల్లోని చిన్న గడ్డలను పట్టడంలో సీటీదే పైచేయి కాబట్టి, దశ నిర్ధారణకు నా మొగ్గు దానివైపే. పైగా అది నిమిషాల్లో ముగుస్తుంది. ఎమ్మారై గొట్టంలో హోరు మధ్య, చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, అరగంట సేపు కదలకుండా పడుకోవాలి.

వ్యాధి తిరగబెడుతుందేమోనని తర్వాత పెట్టే నిఘా సంగతి వేరు. ఏళ్ల తరబడి స్కాన్లు తప్పని కుర్రవాళ్లకు ఎమ్మారైలో రేడియేషన్ లేకపోవడం చిన్న మేలు కాదు. వృషణ క్యాన్సర్‌లో ఒక రకమైన సెమినోమా తొలిదశపై బ్రిటన్‌లో జరిగి 2022లో ప్రచురితమైన ట్రిస్ట్ అధ్యయనంలో, తిరగబెట్టిన వ్యాధిని ముదరకముందే గుర్తించడంలో ఎమ్మారై సీటీకి తీసిపోలేదు.