నడిపేవారే పాఠం చెప్పే చోటు: ఎన్‌పీటెల్‌పై ఒక అధ్యాపకుడి సమీక్ష

నేను భీమవరం పరిసరాల్లోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో సివిల్ శాఖలో పాఠాలు చెబుతాను. ఐఐటీల ఆచార్యులు చెప్పే పాఠాలను రుసుము లేకుండా అందరికీ అందించే కార్యక్రమం ఎన్‌పీటెల్. ఆ పాఠాలు మా గ్రంథాలయానికి హార్డ్ డిస్కులో వచ్చిన కాలం నుంచి, అవి యూట్యూబులోకి, ఆ తరవాత కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం మీదికి చేరిన ఈనాటి వరకు వాటిని వాడుతూనే ఉన్నాను. అభ్యర్థిగా కోర్సులు చేసి పరీక్షలు రాశాను. కళాశాలలోని ఎన్‌పీటెల్ విభాగమైన లోకల్ చాప్టర్‌లో మెంటార్‌గా పిల్లలను కూర్చోబెట్టి చేయించాను. తెల్లవారితే తరగతిలో చెప్పవలసిన పాఠాన్ని ముందు రాత్రి అక్కడ చూసి వెళ్లిన సందర్భాలకు లెక్క లేదు. వీడియో స్పష్టత, యాప్ సౌకర్యం వంటివాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. ఒక విద్యా సాంకేతిక సంస్థను నడుపుతున్నది ఎవరు, తాము నడుపుతున్న పనిలో వారికి ఉన్న పట్టు ఎంత, ఆ పట్టు చివరికి మా డెల్టాలోని విద్యార్థి దాకా ఏ రూపంలో వస్తోంది అన్నదే ఈ సమీక్షలో నేను చూడదలచిన విషయం.

ఎన్‌పీటెల్ ఆలోచన 1999 నాటిది. కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ నిధులతో 2003లో అది కార్యరూపం దాల్చింది. బొంబాయి, ఢిల్లీ, గువాహటి, కాన్పూర్, ఖరగ్‌పూర్, మద్రాసు, రూర్కీ ఐఐటీలు ఏడూ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థా కలిసి మొదలుపెట్టిన పని ఇది. 2001 నుంచి 2011 వరకు మద్రాసు ఐఐటీ డైరెక్టర్‌గా ఉన్న ఎం.ఎస్. అనంత్ దీనికి తొలినాళ్లలో సారథ్యం వహించినవారిలో ముఖ్యులు. ఆయన రసాయన ఇంజినీరు. థర్మోడైనమిక్స్ మీద ఆయన చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్‌లోనే ఉన్నాయి. తొలి దశ నుంచి సమన్వయ బాధ్యత మోసిన మంగళ సుందర్ కృష్ణన్ రసాయన శాస్త్ర ఆచార్యులు. క్వాంటం కెమిస్ట్రీని ఆయనే బోధించారు. ఆ తరవాత పగ్గాలు పట్టినవారిలో ఆండ్రూ తంగరాజ్ ఎలక్ట్రికల్ విభాగానికి చెందినవారు, ప్రతాప్ హరిదాస్ లోహ, పదార్థ శాస్త్ర విభాగానికి చెందినవారు. మొదటివారి సంభావ్యత పాఠాలు, రెండోవారి పదార్థ భౌతికశాస్త్ర పాఠాలు ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు.

ఈ పేర్లన్నీ వరసగా చెప్పడానికి కారణం ఉంది. సంస్థను నడిపేవారు తామే కెమెరా ముందు నిలబడి, నలభై గంటల పాఠాన్ని దేశమంతా చూసేలా చెప్పి, అందులోని తప్పొప్పులకు తమ పేరుతో బాధ్యత వహిస్తున్నారు. దాని ఫలితం నిర్ణయాల్లో కనిపిస్తుంది. పాఠం పొడవు ఎంత ఉండాలి, వారానికి ఎన్ని గంటలు సరిపోతాయి, అసైన్‌మెంటు ఎంత కఠినంగా ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది తరగతి గదిలో ఏళ్ల తరబడి నిలబడినవారు. అమ్మకాల విభాగం చెప్పిన జవాబుకీ వారు చెప్పిన జవాబుకీ మధ్య తేడా ఎంతటిదో మా ఇంట్లోనే చూశాను.

మా అక్క కుటుంబం పాలకొల్లు దగ్గరి ఒక పల్లెలో ఉంటుంది. ఒక ప్రైవేటు కోచింగ్ యాప్ ప్రతినిధి ఇంటికి వచ్చి, ఐఐటీలో చదివినవారే పాఠాలు చెబుతారని, ప్రతి విద్యార్థికీ విడిగా ఒక మార్గదర్శి ఉంటారని నమ్మబలికి, ట్యాబ్‌తో కలిపి రెండేళ్ల ప్యాకేజీని వాయిదాల మీద అంటగట్టి వెళ్లాడు. కరపత్రంలో వ్యవస్థాపకుల ఫొటోలు, వారు గతంలో పనిచేసిన కంపెనీల గుర్తులు తప్ప, భౌతికశాస్త్రం చెప్పేది ఎవరు, ప్రశ్నపత్రం తయారుచేసేది ఎవరు అన్న సంగతి ఎక్కడా లేదు. మా మేనల్లుడికి సందేహం వచ్చి ఫోన్ చేస్తే ఎత్తినవారికి ఆ పాఠం పేరు కూడా తెలియదు. ఏడాది తిరగకుండానే లెక్కలు చెప్పే మాస్టారు మారిపోయారు. కొత్తాయన మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా తప్పకుండా కోతపడింది. నాయకత్వం అనే పేజీలో ఉన్నవారికి బోధనతో ఏ సంబంధమూ లేనప్పుడు నష్టం ఎవరికి తగులుతుందో ఆ కుటుంబాన్ని అడిగితే చెబుతారు.

నిపుణత విద్యార్థి దాకా ఎలా చేరుతుందో చెప్పడానికి నా శాఖ నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను. మా ప్రాంతపు నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. చాలాచోట్ల కొన్ని అడుగుల కింద మెత్తటి బంకమట్టి పొర తగులుతుంది. దాని మీద రోడ్డు గట్టు వేసినా, మేడ కట్టినా, మట్టిలోని నీరు నెమ్మదిగా బయటికి పోతూ, నేల ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది. దీన్నే మేము కన్సాలిడేషన్ అంటాము. ఆస్ట్రియా ఇంజినీరు టెర్జాగి ఈ విషయాన్ని 1925లో సూత్రబద్ధం చేశాడు. ఆ అధ్యాయాన్ని పుస్తకం చూసి చెబితే విద్యార్థులు సూత్రం రాసుకుంటారు, పరీక్షలో దించుతారు, అంతటితో సరి. బొంబాయి ఐఐటీలో బి.వి.ఎస్. విశ్వనాథం గారు చెప్పిన సాయిల్ మెకానిక్స్ పాఠాలను మా తరగతిలో తెర మీద వేసి, మధ్య మధ్య ఆపుతూ చెప్పడం మొదలుపెట్టాక ఈ పరిస్థితి మారింది.

అందుకు కారణం ఆయన నేపథ్యమే అనుకుంటాను. ఆయన పెద్ద సెంట్రిఫ్యూజ్ యంత్రంతో నేలల మీద ప్రయోగాలు చేసే పరిశోధకులు. అందులో యాభయ్యో వంతు సైజు నమూనాను గురుత్వానికి యాభై రెట్లు బలం పడేలా గిరగిరా తిప్పితే, ఇరవై సెంటీమీటర్ల మట్టిలో పది మీటర్ల మట్టిలో ఉండేంత ఒత్తిడి పుడుతుంది. నీరు బయటికి పోయే దారి యాభయ్యో వంతుకు తగ్గినందువల్ల కుంగుబాటుకు పట్టే కాలం యాభై వర్గానికి, అంటే 2,500వ వంతుకు పడిపోతుంది. బయట పదేళ్లు పట్టే కుంగుబాటు ప్రయోగశాలలో సుమారు 35 గంటల్లో కళ్లముందు జరిగిపోతుంది. పొర మందం సగమైతే కాలం నాలుగో వంతు అవుతుందని చెప్పే సూత్రమూ ఇదే. పుస్తకంలో అది ఒక గీత కింద రాసిన వర్గం గుర్తు మాత్రమే. ఆ పనిలో మునిగి ఉన్నవారు చెప్పినప్పుడు అది జరుగుతున్న సంగతిగా వినిపిస్తుంది. వీడియో ఆపి నేను ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజు, ఉండి అనే ఊరి వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి, “మా చెరువు గట్టు మీద పోసిన రోడ్డు ఏటా దిగిపోతానే ఉందండి సార్, ఈయన చెప్పేది అదేనాండి?” అని అడిగాడు. అదే. ఎన్నిసార్లు గ్రావెల్ పోసినా అది ఎందుకు నిలవదో, అదనంగా పోసిన మట్టి బరువే మరికొంత కుంగుబాటుకు ఎలా కారణమవుతుందో ఆ గంట మొత్తం మాట్లాడుకున్నాము. సిలబస్ కొంచెం వెనకబడింది, దానికి నాకేమీ బాధ లేదు.

పరీక్ష విషయంలో ఎన్‌పీటెల్ నాయకత్వం తీసుకున్న నిర్ణయాన్ని నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చుకుంటాను. సర్టిఫికెట్ కోర్సులు 2014లో మొదలయ్యాయి. చేరడానికి, పాఠాలు చూడడానికి, అసైన్‌మెంట్లు చేయడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావలసినవారు మాత్రమే పరీక్ష రుసుము కట్టి, కేటాయించిన కేంద్రానికి స్వయంగా వెళ్లి, పర్యవేక్షకుల ఎదుట పరీక్ష రాయాలి. మొత్తం మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మెరుగైన ఎనిమిది అసైన్‌మెంట్లను లెక్కలోకి తీసుకుంటారు. ఉత్తీర్ణతకు అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా రావాలి. ఈ విడివిడి అన్న షరతు చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు కీలకం అక్కడే ఉంది. అసైన్‌మెంట్ జవాబులు గడువుకు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయన్నది ఏ కళాశాలలోనైనా తెలిసిన రహస్యమే. 25కి 25 తెచ్చుకున్నవాడు పరీక్షలో 30 దాటలేక ఆగిపోవడం మెంటార్‌గా నేను చాలాసార్లు చూశాను. పిల్లల తల్లిదండ్రులకు అది కఠినంగా తోచింది, నాకు న్యాయంగా తోచింది. సర్టిఫికెట్లు సులువుగా పంచితే సంఖ్య పెరుగుతుందని తెలిసి కూడా ఆ దారి పట్టకపోవడం బోధకులు నడిపే సంస్థకే సాధ్యమని నా అభిప్రాయం.

అయితే బోధకుడి నిపుణత ఒక్కటే చాలదన్నది కూడా ఇన్నేళ్ల వాడకంలో స్పష్టమైంది. ఐఐటీ తరగతిలో కూర్చునే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని చెప్పిన పాఠం, ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, అవకలన సమీకరణాలను బట్టీపట్టి గట్టెక్కిన పిల్లవాడికి మొదటి వారంలో బాగానే ఉంటుంది, మూడో వారంలో చేయి జారిపోతుంది. తెర మీది ఆచార్యుడికి వాడి ముఖం కనిపించదు. ఆ ఖాళీని పూరించవలసినది కళాశాలలోని మెంటార్. లోకల్ చాప్టర్ ఏర్పాటులో ఒక సమన్వయకర్త, కోర్సుకు ఒక మెంటార్ ఉండేలా చూడడంలోని ఉద్దేశం ఇదే. ఆ మెంటార్ వారానికి ఒక గంటైనా పిల్లలతో కూర్చుని లెక్కలు చేయించే చోట ఫలితాలు ఒక రకంగా, పేర్లు నమోదు చేయించి ఊరుకునే చోట మరో రకంగా ఉంటాయి. కళాశాల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే అక్రెడిటేషన్ దస్త్రాల్లో చూపించడానికి ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయన్న లెక్క మీదే ధ్యాస పెట్టే యాజమాన్యాలు మా చుట్టుపక్కల తక్కువేమీ కాదు. అలాంటి చోట విద్యార్థి విషయాన్ని బట్టి కాక, పోయినసారి ఎక్కువమంది పాసైన కోర్సు ఏదో చూసి చేరతాడు. సివిల్ విద్యార్థులు తమకు ఏ సంబంధమూ లేని మేనేజ్‌మెంట్ కోర్సుల్లో గుంపుగా చేరడం వెనక ఉన్న కథ ఇంతే. పై స్థాయిలో ఎంతటి నిపుణులున్నా, కింది స్థాయిలో ఒక గంట సమయం కేటాయించే అధ్యాపకుడు లేకపోతే ఆ పాఠం సగం దారిలోనే ఆగుతుంది.

ఈ కోర్సులను డిగ్రీలో లెక్కలోకి తీసుకునే క్రెడిట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2017 జులైలో కేంద్రం స్వయం వేదికను ప్రారంభించినప్పుడు ఇంజినీరింగ్ కోర్సుల సమన్వయ బాధ్యత ఎన్‌పీటెల్‌కే దక్కింది. యూజీసీ 2016 నిబంధనలు సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకు ఆన్‌లైన్‌లో చేయడానికి అనుమతించగా, 2021లో ఆ పరిమితి 40 శాతానికి పెరిగింది. అధ్యాపకులు చేసిన కోర్సులను ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ (అధ్యాపకుల శిక్షణ) కార్యక్రమాలుగా సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ గుర్తిస్తుంది. నావంటివారికి సెలవు పెట్టి దూరప్రాంతాలకు వెళ్లే శ్రమ దీనివల్ల తప్పింది.

ఇదే బృందంలోని ఆండ్రూ తంగరాజ్, ప్రతాప్ హరిదాస్ వంటివారు ముందుండి నడిపించిన మద్రాసు ఐఐటీ బీఎస్ డిగ్రీ 2020లో డేటా సైన్స్‌తో మొదలైంది, ఆ తరవాత ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ కూడా చేరింది. జేఈఈ ర్యాంకు లేకున్నా, నాలుగు వారాల పాఠాల తరవాత పెట్టే అర్హత పరీక్ష గట్టెక్కితే చేరవచ్చు. పాఠం ఆన్‌లైన్‌లో, పరీక్ష కేంద్రంలో అన్న పాత పద్ధతి ఇక్కడా కొనసాగింది. మా విద్యార్థుల్లో కొందరు బీటెక్‌తో పాటు ఇది కూడా చదువుతున్నారు. రెండూ కలిసి మోయడం తేలిక కాదు. వారాంతాల్లో ఊరికి వెళ్లడం మానుకున్నవారే నిలబడ్డారు. రుసుము ఎన్‌పీటెల్ కంటే చాలా ఎక్కువ కాబట్టి, ముందు ఒక ఎన్‌పీటెల్ కోర్సు పూర్తిచేసి పరీక్ష రాసి, ఆ తరవాత నిర్ణయం తీసుకోమని అడిగినవారికి చెబుతున్నాను.

కొత్తగా చేరాలనుకునేవారికి నా సూచన ఇది. కోర్సు పేరు చూసి నమోదు చేసుకోకండి. ఆచార్యుల పేరు చూసి, వారి పాత పాఠాలు యూట్యూబులో ఉంటే మొదటి రెండూ, చివరి దశలోది ఒకటీ చూడండి. మొదటి పాఠం ఎవరికైనా అర్థమవుతుంది. చివరి దశ పాఠంలోని గణితం మీ అందుబాటులో ఉందో లేదో తెలిస్తే చేరాలో వద్దో తేలిపోతుంది. పరిచయ పత్రంలో ఇచ్చిన పాఠ్యపుస్తకం మీ గ్రంథాలయంలో ఉందేమో కనుక్కోండి. మీ కళాశాలలో ఆ కోర్సుకు మెంటార్ ఎవరో, వారు వారంలో ఏ రోజు ఏ గంటకు కూర్చుంటారో సమన్వయకర్తను ముందే అడగండి. జవాబు రాకపోతే అదే కోర్సు చేస్తున్న ఇద్దరు ముగ్గురు స్నేహితులతో జట్టు కట్టండి. ఏ ఇతర సంస్థ ప్రతినిధి ఇంటికి వచ్చినా ఇదే పరీక్ష పెట్టండి: పాఠం చెప్పేవారి పేరు, వారి పూర్తి పాఠం ఒకటి, ప్రశ్నపత్రం తయారుచేసేవారి వివరం. ఈ మూడూ చూపించలేనివారికి వాయిదా కాగితం మీద సంతకం పెట్టవద్దని మా అక్క ఇప్పుడు ఆ వీధిలో అందరికీ చెబుతోంది.