మారిషస్ ఎకో చిలుక కోసం వెళ్తే ఎక్కడ దిగాలి?

హైదరాబాద్ నుంచి ముంబై మీదుగా మారిషస్ వెళ్లేవాళ్లు చాలామంది ఉత్తరాన గ్రాండ్ బే బీచ్‌లో దిగుతారు. సముద్రం కోసమైతే సరే. ఆ దీవిలో తప్ప మరెక్కడా లేని ఎకో చిలుకను అడవిలో చూడాలనుకుంటే మాత్రం నైరుతిలో, షమరెల్ దగ్గర దిగండి.

మేం మొదట బీచ్ హోటల్లోనే ఉన్నాం. గది, భోజనం బాగున్నాయి. కానీ వాళ్లు మాట్లాడిన కారు టిఫిన్ అయ్యాకే కదిలింది. బ్లాక్ రివర్ గార్జెస్ నేషనల్ పార్కులో పెట్రాన్ చేరేసరికి ఎండెక్కి అడవి సద్దుమణిగింది. షమరెల్ గెస్ట్‌హౌస్‌లో ఏసీ లేదు, దాని అవసరమూ రాలేదు. ఇంటావిడ పూర్వీకులు మన కోస్తా నుంచి వెళ్లినవాళ్లట. తెల్లవారకముందే టీ ఇచ్చి, ధోల్ పూరీలు (పప్పు కూరిన పల్చటి రొట్టెలు) కట్టిచ్చారు. నా ఓటు ఆ ఇంటికే. కారు అద్దెకు తీసుకోండి, అక్కడా మనలాగే ఎడమవైపు నడపాలి.

గైడ్ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి. కేబీఆర్ పార్కులో పొద్దున్నే అరుస్తూ ఎగిరే మన రామచిలుక ఆ దీవిలోనూ ఉంది. 19వ శతాబ్దంలో అక్కడికి చేరి, ఇప్పుడు గూటి తొర్రల కోసం ఎకో చిలుకతోనే పోటీపడుతోంది. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎకో చిలుక కాస్త బొద్దుగా, ముదురు పచ్చగా ఉంటుంది, తోక పొట్టి. ఆడదాని ముక్కు నలుపు, మన రామచిలుకల్లో ఆడదానికీ ఎరుపే. ఎకో చిలుక అరుపు కీచుగా కాక బొంగురుగా ఉంటుంది. మా గైడ్ ఆ అరుపు విని మకాబే దారిలో ఆగిపోయాడు. ఒక జంట కొమ్మ మీద వాలింది. ఆడది నల్ల ముక్కుతో కాయ ఒలుచుకు తింటోంది. నాకు కళ్లు చెమర్చాయి.

1980ల్లో ఇవి ప్రపంచం మొత్తం మీద పది పన్నెండే మిగిలాయి. పక్షుల సంరక్షణ శాస్త్రవేత్త కార్ల్ జోన్స్ బృందం తొర్రలు బాగుచేసి, గూటిపెట్టెలు కట్టి, పిల్లలకు చేత్తో మేత పెట్టి పెంచింది. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. మన దగ్గర చిలుకను పంజరంలో పెట్టి అమ్మడం చూసినప్పుడల్లా ఆ శ్రమే గుర్తొచ్చి బాధేస్తోంది.

ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య ఎకో చిలుకలు గుడ్లు పెడతాయి. అప్పుడు వెళ్తే గూళ్ల దగ్గరకు పోకండి, బాట దిగకండి. పెట్రాన్ ఎత్తున ఉంటుంది, ఎప్పుడైనా వాన పడొచ్చు, రెయిన్‌కోటు ఉంచుకోండి. అక్కడి మరో అరుదైన పక్షి గులాబీ పావురాన్ని కూడా చూడాలంటే ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోని ఐల్ ఒ ఎగ్రెత్ దీవికి టికెట్ తీసుకోండి. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్లే గైడ్‌తో తిప్పి చూపిస్తారు.