నార చెప్పు, తోలు జోడు, మంచు బూటు: వేల ఏళ్లనాటి మూడింటిలో ఏది మేలు?

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఒక గుహ, ఆర్మేనియాలో ఇంకో గుహ, ఇటలీ ఆస్ట్రియా సరిహద్దులో ఒక మంచు కొండ. ఈ మూడు చోట్ల దొరికిన పాదరక్షల గురించి చదివినప్పటి నుంచీ వాటిని పక్కపక్కన పెట్టి చూసుకుంటూనే ఉన్నాను. ఏది ఎక్కువ పాతది అన్నది నాకు పెద్ద విషయం కాదు. వేసుకుని రోజంతా నడిస్తే కాలికి ఎలా ఉంటుంది, తెగితే మళ్లీ ఎలా బాగుచేసుకోవాలి అన్నదే నా లెక్క.

ఎక్కువమంది మెచ్చుకునేది ఓట్జీ బూట్లనే. ఆల్ప్స్ కొండల్లో 3,200 మీటర్లకు పైన, కరుగుతున్న మంచులోంచి 1991లో బయటపడిన మనిషికి పెట్టిన పేరు ఓట్జీ. అతను బతికింది సుమారు 5,300 ఏళ్ల కిందట. బూటు అట్ట ఎలుగుబంటి తోలు, పైభాగం జింక తోలు. లోపల లిండెన్ చెట్టు నారతో అల్లిన వల, అందులో కుక్కిన ఎండుగడ్డి. జారకుండా అట్ట కింద అడ్డంగా ఒక తోలు పట్టీ. ఒక్క బూటులో ఇన్ని రకాల సరుకు, ఒక్కోదానికి ఒక్కో పని! చెక్ దేశంలోని జ్లిన్‌లో పెటర్ హ్లావాచెక్ అనే ప్రొఫెసర్ అచ్చం అలాంటి జతలే తయారుచేసి, కొండల్లో నడిచి చూసేలా పరీక్ష పెట్టారు. కాళ్లు వెచ్చగా ఉన్నాయి, బొబ్బలు రాలేదు. జ్లిన్ అంటే మనందరికీ తెలిసిన బాటా కంపెనీ పుట్టిన ఊరు.

ఆ బూటుకు ప్రాణం గడ్డి. గడ్డి మధ్య చిక్కిన గాలి కాలి వేడిని బయటకు పోనివ్వదు. ఉత్తర యూరప్‌లోని సామీ జనం రెయిన్‌డీర్ తోలు బూట్లలో ఇదే పని చేసేవారు, వాళ్లను చూసి ధ్రువ యాత్రికులూ చేశారు. అయితే మంచు దిగి రాళ్ల దారిలోకి వస్తే ఆ మెత్తటి అట్ట త్వరగా అరుగుతుంది. తడిస్తే నీళ్లు లోపలికి వస్తాయి. బాగుచేయాలంటే ఎలుగుబంటి తోలు దగ్గర నుంచి చెట్టు నార దాకా అన్నీ చేతికి అందాలి. మంచులో దీనికి సాటి లేదు, కానీ రోజూ వేసుకునే జోడు మాత్రం కాదిది.

ఓరెగాన్ చెప్పులు దీనికి పూర్తిగా ఎదురు. 1938లో ఫోర్ట్ రాక్ గుహలో లూథర్ క్రెస్‌మన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు జరిపితే, అగ్నిపర్వతపు బూడిద పొర కింద డజన్ల కొద్దీ బయటపడ్డాయి. ఆ బూడిద మజామా పర్వతం పేలినప్పటిది. చెప్పులు ఆ బూడిద కన్నా పాతవని, అంటే వేల ఏళ్లనాటివని ఆయన అంటే తోటి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. నారలాంటి వాటిలో మిగిలిన కార్బన్‌ను కొలిచి వయసు కట్టే రేడియోకార్బన్ పద్ధతి వచ్చాక, 1950ల మొదట్లో, వాటి వయసు 9,000 ఏళ్ల దగ్గర తేలింది. నేరుగా వయసు కట్టిన పాదరక్షల్లో వీటికన్నా పాతవి ఇంకెక్కడా దొరకలేదు.

నిజానికి చెప్పు పుట్టుక ఇంకా చాలా వెనక్కి పోతుంది. నారా తోలూ కుళ్లిపోతాయి, ఎముక మిగులుతుంది. చైనాలోని టియాన్యువాన్ గుహలో దొరికిన సుమారు 40,000 ఏళ్లనాటి మనిషి కాలివేళ్ల ఎముకలు సన్నగా ఉన్నాయని ఎరిక్ ట్రింకాస్ అనే మానవశాస్త్రవేత్త గమనించారు. అట్ట ఉన్న చెప్పు వేసుకుంటే చిన్నవేళ్లతో నేలను అదిమిపట్టే పని తగ్గుతుంది, ఆ ఎముకలు అంత బలంగా పెరగవు. ఆయన వాదన అదే.

మళ్లీ ఫోర్ట్ రాక్‌కు వద్దాం. సేజ్‌బ్రష్ అనే పొద బెరడును ఒలిచి, పేని, ఐదు లావు తాళ్లను పడుగుగా పెట్టి, సన్న తాళ్లతో అడ్డంగా అల్లారు. వేళ్ల మీదకు అల్లిన మూత ఒకటి ఉంది, మడమ మాత్రం తెరిచే ఉంటుంది. తాడును చీలమండకు చుట్టి కట్టుకుంటారు. జంతువును చంపక్కర్లేదు, తోలు ఊనక్కర్లేదు, కుట్టక్కర్లేదు. గుమ్మం దాటితే సరుకు దొరుకుతుంది, పాడైతే ఇంకోటి అల్లుకోవచ్చు. పిల్లల కొలతలవీ దొరికాయంటే ఇంటిల్లిపాదీ వేసుకున్నారన్నమాట. నన్నడిగితే తెలివిలో ఇది ఓట్జీ బూటుకు ఏ మాత్రం తీసిపోదు. చలికీ తడికీ ఆగదు, అదొక్కటే లోటు.

ఇక ఆర్మేనియా జోడు. 2008లో అరేని-1 గుహలో ఒక గుంటలో దొరికింది. కుడికాలిది ఒక్కటే. పైన గొర్రెల పెంట పొర గట్టిగా కప్పేయడంతో, గుహ చల్లగా పొడిగా ఉండటంతో, చెక్కు చెదరలేదు. ఎంత బాగుందంటే, తవ్వినవాళ్లు మొదట 600, 700 ఏళ్లదే అనుకున్నారు. పరీక్ష చేస్తే క్రీ.పూ. 3500 ప్రాంతానిదని తేలింది, అంటే ఓట్జీ కన్నా కాస్త పాతది. కొలత ఇప్పటి యూరప్ లెక్కలో 37. లోపల గడ్డి కుక్కి ఉంది.

దీన్ని ఒకే ఒక్క ఆవు తోలు ముక్కతో చేశారు. ఆ ముక్కను కాలి చుట్టూ మడిచి, ముందూ వెనకా తోలు వారుతో బిగించారు. అట్ట వేరు, పైభాగం వేరు అన్న మాటే లేదు కాబట్టి ఆ రెండూ ఊడిపోయే బెడద లేదు. మనం చెప్పు తెగిందంటే చాలాసార్లు తెగేది ఆ అతుకు దగ్గరే కదా! వారు తెగితే ఇంకో వారు దూర్చుకుంటే సరి. కాలు ఏ ఆకారంలో ఉంటే జోడు ఆ ఆకారంలోకి వస్తుంది. గడ్డి పెడితే చలికి పనికొస్తుంది, తీసేస్తే ఎండకు పనికొస్తుంది.

అందుకే నా లెక్కలో ఇదే మేలు. నా ఒక్కడి మాటే కాదు, ఇలాంటి తీరు జోళ్లను జనం వేల ఏళ్లు వేసుకున్నారు. బాల్కన్ దేశాల్లో ఒపాంకే అనే జోళ్లు దీనికి దగ్గరివి. ఐర్లండ్ పడమటి తీరంలోని అరన్ దీవుల్లో పాంపూటీ పేరుతో 1950ల దాకా ఈ రకం జోళ్లు కనిపించాయి. దీవుల్లో వాడింది ఊనని పచ్చితోలు, ఎండితే కర్రలా బిగుసుకుపోయి కాలిని కరిచేది. అయినా ఆ తీరు మార్చలేదు. రాత్రి పడుకునే ముందు జోళ్లను నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే తడితడిగానే తొడుక్కుని పనికి పోయేవారు.