పింగ్‌టూల్స్ యాప్: మా రెండు రౌటర్ల చిక్కు విప్పింది

హనుమకొండ కేయూ క్రాస్ రోడ్డు దగ్గర మాకు జిరాక్స్ సెంటర్ ఉంది. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపుతాం. కింద కౌంటర్, కంప్యూటర్లు. పై గదిలో పెద్ద ప్రింటర్. పైకి వైఫై సరిగా అందడం లేదని గత నెల రెండో రౌటర్ పెట్టించాం. ఆ రోజు నుంచి కింది కంప్యూటర్‌కు ప్రింటర్ కనిపించలేదు. నెట్ మాత్రం రెండు చోట్లా బాగానే వస్తోంది. బిగించిన అబ్బాయి రెండుసార్లు వచ్చి, ప్రింటరే పాడైందని తేల్చి వెళ్లాడు. హాల్‌టికెట్ల కోసం పిల్లలు వరుసలో నిలబడి ఉంటే పెన్‌డ్రైవ్ పట్టుకొని నేను మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

ఫోనులో నెట్‌వర్క్‌ను పరీక్షించే పింగ్‌టూల్స్ యాప్ వేసుకున్నాక అసలు సంగతి పది నిమిషాల్లో బయటపడింది. నెట్‌వర్క్ వివరాల పేజీలో ఫోను ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని చిరునామా నంబరు), గేట్‌వే (బయటి నెట్‌కు దారి ఇచ్చే రౌటర్ అడ్రసు) కనిపిస్తాయి. కౌంటర్ దగ్గర చూస్తే గేట్‌వే 192.168.1.1. పైకి వెళ్లి చూస్తే 192.168.0.1. ఒకే ఇంటికి రెండు వాకిళ్లు! డేటా ఏయే రౌటర్ల మీదుగా వెళ్తుందో వరుసగా చూపే ట్రేస్‌రూట్ నడిపితే ఇంకా స్పష్టమైంది. కింద నుంచి వెళ్తే మధ్యలో మా రౌటర్ ఒక్కటే. పై నుంచి మొదటి వరుసలో 192.168.0.1, రెండో వరుసలో 192.168.1.1. అంటే పై రౌటర్ వేరే నెట్‌వర్క్ నడుపుతూ ప్రింటర్‌ను తన వెనుక దాచేసింది. పై నుంచి కిందికి దారి ఉంది, కింద నుంచి పైకి లేదు.

పై రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రసులు పంచే పని) ఆపి, దాని అడ్రసు 192.168.1.2గా మార్చి, వ్యాన్ పోర్టులోని (బయటి నెట్ కోసం ఉండేది) కేబుల్ తీసి ల్యాన్ పోర్టులో (లోపలి పరికరాల కోసం ఉండేది) పెట్టాను. ప్రింటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి, దానికి వచ్చిన కొత్త అడ్రసును కంప్యూటర్‌లో ఇచ్చాను. కౌంటర్ నుంచి ప్రింట్ ఇస్తే పైన కాగితం కదిలిన చప్పుడు వినిపించింది. ఎంత హాయిగా అనిపించిందో!

వాడేవాళ్లకు ఒక మాట: చూసేటప్పుడు మొబైల్ డేటా ఆపేయండి. వైఫై బలహీనంగా ఉంటే ఫోను అటు మళ్లి వేరే దారి చూపిస్తుంది. లొకేషన్ అనుమతి అడిగితే కంగారు పడకండి. వైఫై పేరు చదవాలంటే ఆండ్రాయిడ్‌లో అది తప్పనిసరి. ఇంటి నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలు ఉన్నాయో వెతికే సదుపాయం కూడా ఇందులో ఉంది. దారుల పట్టిక (ఏ అడ్రసుకు ఏ దారిలో వెళ్లాలో చెప్పే జాబితా) మొత్తం కావాలంటే మాత్రం నేను కంప్యూటర్ దగ్గరికే వెళ్తాను. విండోస్ కమాండ్ తెరపై ‘రూట్ ప్రింట్’ అని కొడితే అన్నీ వరుసగా వస్తాయి.